ఔత్సాహికుల ట్రైపాడ్: తక్కువ ఖర్చులో గట్టి ఎంపిక

ట్రైపాడ్ అంటే కెమెరాను కదలకుండా నిలబెట్టే మూడు కాళ్ల స్టాండు. పొడవు పెంచి తగ్గించుకునే కాళ్లు, వాటిని పైన కలిపి పట్టే దిమ్మ, ఆ దిమ్మ మీద కెమెరాను కావలసిన వైపు తిప్పి బిగించే హెడ్ దీని ముఖ్య భాగాలు. నాలుగు కాళ్ల బల్ల ఎగుడుదిగుడు నేల మీద ఊగుతుంది. మూడు కాళ్లది ఊగదు, ఎందుకంటే ఏ మూడు బిందువుల గుండా అయినా ఒక సమతలం పోతుంది. దుర్భిణికీ సర్వేయర్ల థియోడొలైటుకీ కెమెరా పుట్టకముందే మూడు కాళ్లు అమరడానికి కారణం ఇదే.

ఫొటోగ్రఫీ తొలి రోజుల్లో స్టాండు లేకుండా ఫొటో తీయడం సాధ్యమయ్యేది కాదు. 1839లో డాగెరోటైపు పద్ధతి లోకానికి తెలిసినప్పుడు, మంచి ఎండలో ఉన్న భవనం బొమ్మ పడటానికి కూడా నిమిషాలు పట్టేది. హైదరాబాదులో ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ ఆస్థాన ఫొటోగ్రాఫరు రాజా దీన్‌దయాళ్ (1844–1905) కోటలనూ రాజప్రాసాదాలనూ తీసింది గాజు పలకలు వాడే బరువైన కెమెరాలతో. అంత పెద్ద పెట్టెను చేత్తో పట్టుకుని తీయడం కుదిరే పని కాదు. 1925లో 35 మి.మీ. ఫిల్ముతో లైకా మార్కెట్లోకి వచ్చాక కెమెరా చేతిలో ఇమిడింది. అప్పటినుంచి ట్రైపాడ్ అందరికీ తప్పనిసరి కాకుండా, అవసరం తెలిసినవాళ్లు కొనుక్కునే పరికరంగా మారింది.

ఈ మార్పు వల్ల కొనేవాళ్లకు ఒక చిక్కు వచ్చింది. కెమెరా, లెన్సు కొన్నాక మిగిలిన డబ్బుతో ఏదో ఒక స్టాండు తీసుకోవడం మామూలైంది. కెమెరాతో పాటు ఉచితంగా ఇచ్చే స్టాండునో, అంగట్లో అన్నిటికంటే తక్కువ ధర ఉన్నదాన్నో తీసుకుని, అది ఊగుతుంటే రెండేళ్లకు ఇంకొకటి, ఆ తర్వాత మరొకటి కొంటారు. మూడింటికీ పెట్టిన ఖర్చు కలిపితే మొదట్లోనే ఒక మంచిది వచ్చేది. ఉన్న డబ్బును ముందు కాళ్ల గట్టిదనం మీద పెట్టాలి. తేలికదనం, హంగులు, ఎత్తు ఆ తర్వాతే చూడాలి. తక్కువ బడ్జెట్‌లో కొనేవారికి ఈ వరస మరీ అవసరం, ఎందుకంటే తప్పు దిద్దుకోవడానికి వాళ్ల దగ్గర రెండో బడ్జెట్ ఉండదు.

ఎప్పుడు కావాలి

చేత్తో తీసిన ఫొటో చెదరకుండా రావాలంటే షట్టర్ వేగం ఎంత ఉండాలో చెప్పే పాత లెక్క ఒకటి ఉంది. 50 మి.మీ. లెన్సుకు సెకనులో 50వ వంతు, 200 మి.మీ. లెన్సుకు సెకనులో 200వ వంతు. మన దగ్గర ఎక్కువమంది వాడే ఏపీఎస్-సీ సెన్సరు కెమెరాల్లో దీన్ని ఒకటిన్నర రెట్లు వేగంగా చేసుకోవాలి. లెన్సులోనో బాడీలోనో ఉండే స్టెబిలైజేషన్ వల్ల నాలుగు స్టాపులు కలిసివచ్చినా, 50 మి.మీ. దగ్గర సెకనులో ఐదో వంతు దాకానే ధైర్యంగా దిగగలం. అంతకంటే నెమ్మదిగా తీయాల్సిన ఫొటోలన్నిటికీ కెమెరాకు ఆసరా కావాలి.

అలాంటివి చాలానే ఉన్నాయి. పొద్దు గుంకాక నది ఒడ్డున ఐఎస్ఓ 100, ఎఫ్/8 పెట్టి తీస్తే షట్టర్ సెకన్ల పాటు తెరిచి ఉంచాలి. తలకోనలోనో కుంటాలలోనో జలపాతం ధార పట్టుదారాల్లా సాగినట్టు రావాలంటే సెకనులో నాలుగో వంతు నుంచి రెండు సెకన్ల దాకా పడుతుంది. దీపావళి తారాజువ్వ పైకి లేచి విచ్చుకునేదంతా ఒకే ఫొటోలో రావాలంటే ఐఎస్ఓ 100, ఎఫ్/8 లేదా ఎఫ్/11 దగ్గర రెండు నుంచి ఐదు సెకన్లు ఉంచాలి. నక్షత్రాలు గీతలు పడకుండా తీయడానికి ఒక బండ లెక్క ఉంది. 500ను లెన్సు ఫోకల్ లెంగ్త్‌తో భాగించాలి. ఏపీఎస్-సీ కెమెరా మీద 18 మి.మీ. లెన్సు 27 మి.మీ. కింద లెక్క కాబట్టి 18 సెకన్లు వస్తుంది. ఇవి కాక పువ్వులను, పురుగులను దగ్గరగా తీయడం, నాలుగైదు ఫొటోలు అతికి పనోరమా చేయడం, తాను కూడా కలిసి ఇంటిల్లిపాది ఫొటో తీసుకోవడం, పాత ఆల్బం ఫొటోలకూ తాటాకు ప్రతులకూ నకళ్లు తీయడం కూడా స్టాండు పనులే. నకళ్లు తీయాలనుకునేవాళ్లు, దిమ్మ మధ్యలోంచి పైకి లేచే సెంటర్ కాలమ్‌ను అడ్డంగా వంచి బిగించే వీలున్న మోడల్ చూసుకుంటే కెమెరాను తిన్నగా కిందికి చూసేలా పెట్టుకోవచ్చు.

ట్రైపాడ్ కదలకుండా ఆపేది కెమెరాను మాత్రమే. గాలికి ఊగే వరికంకినీ పరుగెత్తే పిల్లాడినీ అది ఆపలేదు. జాతరలు, నిమజ్జనం ఊరేగింపులు, వీధి ఫొటోలు ప్రధానంగా తీసేవారికి దాని అవసరం తక్కువ. జనం మధ్య మూడు కాళ్లు పరిస్తే ఎవరైనా తట్టుకుని పడే ప్రమాదం కూడా ఉంది. అలాంటివారు ఆ డబ్బు దాచుకుని ఒంటికాలి మోనోపాడ్ కొనుక్కుంటే సరిపోతుంది.

కాళ్ల సంగతి

ట్రైపాడ్ గట్టిదనాన్ని ఎక్కువగా నిర్ణయించేది కాలి గొట్టం వ్యాసం. గోడ మందం సమానంగా ఉన్న రెండు పలుచని గొట్టాల్లో, వంగకుండా నిలిచే శక్తి సుమారుగా వ్యాసం ఘనాన్ని బట్టి పెరుగుతుంది. 22 మి.మీ. గొట్టం కంటే 28 మి.మీ. గొట్టం దాదాపు రెట్టింపు బిగువుగా ఉంటుంది. చూపుకు ఆరు మిల్లీమీటర్ల తేడానే, వాడకంలో మాత్రం రెండూ వేరువేరు తరగతుల సరుకు.

మడిచినప్పుడు పొట్టిగా ఉండటానికి ఒక్కో కాలిని ఒకదాంట్లో ఒకటి దూరే మూడు, నాలుగు, ఐదు గొట్టాలుగా చేస్తారు. మెట్టు మెట్టుకు వ్యాసం సుమారు 3 మి.మీ. తగ్గుతుందనుకుంటే, 25 మి.మీ. దగ్గర మొదలైన కాలు మూడో మెట్టుకు 19 మి.మీ.కు, ఐదో మెట్టుకు 13 మి.మీ.కు సన్నబడుతుంది. పై గొట్టంతో పోలిస్తే ఆ 13 మి.మీ. గొట్టం బిగువు ఏడో వంతు మాత్రమే. బ్యాగులో ఇమిడే ఐదు మెట్ల ప్రయాణపు ట్రైపాడ్లు పూర్తిగా సాచినప్పుడు సన్నగా వణికేది అందుకే. కొనేటప్పుడు పై గొట్టాన్ని చూసి మురిసిపోకుండా అన్నిటికంటే కింది గొట్టాన్ని వేళ్లతో పట్టి చూడాలి. ఇంటి నుంచి బైకు మీదో కారులోనో పోయి ఫొటోలు తీసేవారికి మూడు లేదా నాలుగు మెట్లవే మంచివి. రైళ్లలో, విమానాల్లో తిరిగేవారు, కొండలెక్కేవారు నాలుగు మెట్లతో సర్దుకోవాలి. ఐదు మెట్లవి చివరి మార్గం.

కాళ్ల పదార్థం విషయానికొస్తే, తక్కువ ఖర్చులో అల్యూమినియమే సరైనది. కెమెరా ట్రైపాడ్లకు కార్బన్ ఫైబర్ కాళ్లను 1994లో గిట్జో కంపెనీ తెచ్చింది. అదే కొలతల అల్యూమినియం స్టాండు కంటే కార్బన్‌ది తక్కువ బరువు తూగుతుంది, వణుకును త్వరగా అణచుకుంటుంది, లంబసింగి చలిలో తెల్లవారుజామున చేతికి మంచులా తగలదు. ఇవన్నీ నిజమైన లాభాలే. అయితే ఒకే ధరలో ఒక సన్న కార్బన్ స్టాండూ ఒక లావు అల్యూమినియం స్టాండూ ఎదురైతే, బడ్జెట్ చూసుకునేవారు రెండోదే తీసుకోవాలి. మోయాల్సిన అరకిలో అదనపు బరువు గాలి వీచినప్పుడు పనికొస్తుంది కూడా. పెద్ద దెబ్బ తగిలితే అల్యూమినియం సొట్టపడి చెడిందని కంటికి తెలుస్తుంది. కార్బన్‌లో పడిన పగులు పైకి కనపడకపోవచ్చు. కొయ్య ట్రైపాడ్లు ఇప్పటికీ తయారవుతున్నాయి. జర్మనీలో బెర్లెబాక్ సంస్థ యాష్ కలపతో చేసేవి టెలిస్కోపులు వాడేవారికి ఇష్టం. మన అంగళ్లలో అవి దొరకడం అరుదు.

కాళ్లను బిగించే తాళాలు రెండు రకాలు. పైకెత్తి నొక్కే లివర్ తాళం తెరిచి ఉందో మూసి ఉందో చూపుకే తెలుస్తుంది. వదులైతే చిన్న అలెన్ కీతో మళ్లీ బిగించుకోవచ్చు. తిప్పి బిగించే ట్విస్ట్ తాళం నున్నగా, సంచికి తగులుకోకుండా ఉంటుంది. విప్పి కడుక్కోవడం సులువు, కానీ ఇసుక రేణువు చేరితే కరకరలాడుతుంది. దేన్ని ఎంచుకున్నా నష్టం లేదు. నష్టమంతా ప్లాస్టిక్ లివర్లతోనే. రెండు మూడు వేసవులు ఎండలో కాగాక అవి పెళుసెక్కి విరుగుతాయి, విడి భాగం దొరకదు.

చౌక స్టాండ్లలో మూడు కాళ్ల మధ్య సన్నటి అడ్డపట్టీలు ఉంటాయి. చూడటానికి గట్టితనం ఇస్తున్నట్టు ఉంటుంది గానీ, వాటివల్ల మూడు కాళ్లూ ఒకే కోణంలో మాత్రమే విచ్చుకుంటాయి. గండికోట అంచున ఒక కాలు రాతి మీద, రెండో కాలు పగులులో, మూడోది దిగువన పెట్టాల్సి వస్తే అవి అడ్డం పడతాయి. ఒక్కో కాలిని విడిగా రెండు మూడు కోణాల్లో నిలిపే మీటలున్న స్టాండు బయటి నేలకు తగినది. దాంతో కెమెరాను నేలకు జానెడెత్తు దాకా దించవచ్చు కూడా.

ఎత్తు లెక్క

ప్రకటనల్లో రాసే గరిష్ఠ ఎత్తు సెంటర్ కాలమ్‌ను పూర్తిగా పైకి లేపినప్పటిది. ఆ కాలమ్ లేపితే మూడు కాళ్ల మీద ఉన్న కెమెరా కాస్తా ఒంటికాలి మీద నిలిచినట్టవుతుంది, వణుకు బాగా పెరుగుతుంది. కాబట్టి కాలమ్ దించి ఉన్నప్పటి ఎత్తు ఎంతో అడగాలి.

మీకెంత ఎత్తు కావాలో లెక్క వేసుకోవడం తేలిక. 165 సెంటీమీటర్లు, అంటే 5 అడుగుల 5 అంగుళాల మనిషి కంటి ఎత్తు సుమారు 153 సెం.మీ. బాల్ హెడ్ పది సెంటీమీటర్లు, దానిమీద కెమెరా అడుగు నుంచి వ్యూఫైండర్ దాకా మరో ఎనిమిది. ఆ పద్దెనిమిదీ తీసేస్తే కాళ్ల ఎత్తు 135 సెం.మీ. ఉంటే వంగకుండా చూడవచ్చు. తెరను మడిచి తిప్పుకునే వీలున్న కెమెరా అయితే 120 సెం.మీ. కూడా చాలు. ఏటవాలులో దిగువ కాళ్లను సాచాల్సి వస్తుంది కాబట్టి కొండల్లో తిరిగేవారు మాత్రం కొంచెం పొడుగు ఎక్కువున్నది చూసుకోవాలి.

ఎంత బరువు మోస్తుందన్న అంకె మీద పెద్దగా ఆధారపడకూడదు. ఆ అంకెను తేల్చడానికి కంపెనీలన్నీ ఒప్పుకున్న ఒకే పరీక్ష లేదు, ఎవరి పద్ధతి వారిది. 5 కిలోలు మోస్తుందంటే విరగకుండా మోస్తుందని అర్థం చేసుకోవాలి, వణకకుండా అని కాదు. ఉదాహరణకు కేనన్ 1500డీ బాడీ 475 గ్రాములు, దానితో వచ్చే 18–55 లెన్సు 200 గ్రాములు. 55–250 ఎస్‌టీఎం లెన్సు తగిలించినా మొత్తం 850 గ్రాములే. అంకెను బట్టి చూస్తే అంగట్లో ఉన్న ప్రతి స్టాండూ దీన్ని మోయాలి. కానీ 250 మి.మీ. దగ్గర చాలా చౌక స్టాండ్ల మీద చంద్రుడు తెరలో గంతులేస్తాడు. మీ సామాను బరువుకు కనీసం మూడు రెట్లు చెప్పినదాన్ని చూడటం ఒక కాపుదల. అసలు తీర్పు మాత్రం చేత్తో పరీక్షించాకే ఇవ్వాలి.

హెడ్, ప్లేటు

కాళ్లు, హెడ్ కలిపి ఒకటిగా బిగించి అమ్మేవి చౌక. విడదీసే వీలున్నవి కొంచెం ఖరీదు, కానీ తర్వాత హెడ్ ఒక్కటే మార్చుకోవచ్చు. ఈ ఒక్క వీలు కోసం వెయ్యి రూపాయలు ఎక్కువ పెట్టడం తెలివైన ఖర్చే. మరల కొలతలు అన్ని కంపెనీలకూ ఒకటే కావడం దీనికి బాగా కలిసివచ్చింది. కెమెరా అడుగున పట్టేది పావు అంగుళం మర, అంగుళానికి 20 చుట్లు. హెడ్‌కూ కాళ్లకూ మధ్య చాలావరకు 3/8 అంగుళం మర, అంగుళానికి 16 చుట్లు. ఇవి ఐఎస్ఓ 1222 ప్రమాణంలో ఉన్న కొలతలు. అందుకే ఒక దేశం కాళ్లమీద మరో దేశం హెడ్ చక్కగా కూర్చుంటుంది.

హెడ్‌లలో బాల్ హెడ్ ఔత్సాహికులకు అన్నిటికంటే అనువైనది. ఒక మర వదులు చేస్తే కెమెరా ఎటైనా తిరుగుతుంది, బిగిస్తే నిలుస్తుంది. బంతి ఎంత పెద్దదైతే పట్టు అంత బాగుంటుంది. బిగించి చెయ్యి తీశాక కెమెరా మూతి కొద్దిగా కిందికి జారుతుంటే ఆ హెడ్ వద్దు. మూడు పిడుల పాన్-టిల్ట్ హెడ్ బరువెక్కువ, పని నెమ్మది. కానీ భవనాలు, వస్తువులు తీసేవారికి ఒక దిశలో మాత్రమే వెంట్రుకవాసి జరపడం అందులోనే కుదురుతుంది. వీడియోలకు ఫ్లూయిడ్ హెడ్ కావాలి. నేలపట్టు, పులికాట్‌లలో పెద్ద లెన్సుతో పక్షులను తీసేవారు గింబల్ హెడ్ వాడతారు, అది ఈ బడ్జెట్ మాట కాదు.

కెమెరాను టక్కున బిగించి తీయడానికి అడుగున ఒక ప్లేటు ఉంటుంది. ఇక్కడ చిన్నదిగా కనిపించే ఒక నిర్ణయం చాలాకాలం వెంటాడుతుంది. చౌక స్టాండ్లలో ప్లేటు ఆ మోడల్‌కు మాత్రమే సరిపోయే ప్లాస్టిక్ ముక్క, పోతే స్టాండే మూలపడుతుంది. ఆర్కా-స్విస్ పద్ధతి ప్లేటు సుమారు 38 మి.మీ. వెడల్పు, పక్కలు ఏటవాలుగా చెక్కి ఉంటుంది. దాదాపు అన్ని కంపెనీలూ దాన్ని చేస్తాయి. పోయినా కొన్ని వందల రూపాయలకు ఇంకొకటి దొరుకుతుంది. అయితే కంపెనీని బట్టి వెడల్పులో వెంట్రుకవాసి తేడాలుంటాయి. మర తిప్పి బిగించే క్లాంపు ఆ తేడాను సర్దుకుంటుంది, లివర్ క్లాంపు కొన్నిసార్లు సర్దుకోదు.

ధరల మెట్లు

భారత మార్కెట్లో సుమారుగా మూడు మెట్లున్నాయి. రూ. 2,000 లోపు దొరికే డిజిటెక్, సింపెక్స్ వంటి వాటి తేలికపాటి మోడళ్లు సెల్‌ఫోనుకూ చిన్న కెమెరాకూ పనికొస్తాయి. ఇంట్లో పాఠాలు, వంటలు వీడియో తీసుకునేవారికి ఇవే చాలు, ఇంకా పైకి పోనక్కర్లేదు. ఫోను పట్టే క్లిప్పు అడుగున పావు అంగుళం మర ఉందో లేదో మాత్రం చూసుకోవాలి. లెన్సులు మార్చే కెమెరా ఉన్నవారు ఈ మెట్టు దాటాలి.

రూ. 5,000 నుంచి 12,000 దాకా ఉన్న మధ్య మెట్టులో బెన్రో, వాన్‌గార్డ్, సిరుయ్, మాన్‌ఫ్రోటో కంపెనీల అల్యూమినియం మోడళ్లు, మొదటి మెట్టు కంపెనీల మెరుగైన సరుకు కలుస్తాయి. లోహపు తాళాలు, విడిగా కదిలే కాళ్లు, బాల్ హెడ్, ఆర్కా ప్లేటు, ఒకటిన్నర నుంచి రెండు కిలోల బరువు ఉంటే అదే కొనదగ్గ సరుకు. ఔత్సాహికుల అవసరాల్లో చాలావరకు ఈ మెట్టులోనే తీరిపోతాయి. పది పదిహేనేళ్లు వాడినా వీటికి పాతబడటమంటూ లేదు. కెమెరా బాడీ ఐదేళ్లకు పాత మోడల్ అవుతుంది, ట్రైపాడ్ అలా కాదు. రూ. 15,000 పైన కార్బన్ మోడళ్లు మొదలై, గిట్జో వంటి కంపెనీల దగ్గర లక్ష దరిదాపులకు పోతాయి. రోజూ మైళ్లకొద్దీ నడిచి తీసేవారికే ఆ ఖర్చు గిట్టుబాటు.

చేతిలో వెయ్యి రూపాయలే ఉంటే ఊగే స్టాండు కొనడం కంటే గుడ్డ సంచి కుట్టించుకోవడం మేలు. గట్టి కాటన్ గుడ్డతో రెండు అరల సంచి కుట్టి, ఊరు చేరాక బియ్యమో శనగలో నింపి, జీపు తలుపు అంచున జీనులా వేసి దానిమీద లెన్సు ఆనిస్తే, కవ్వాల్, అమ్రాబాద్ అడవుల్లో సఫారీ వాహనం నుంచి తీసేవారికి ట్రైపాడ్ కంటే బాగా పనిచేస్తుంది. కదిలే వాహనంలో మూడు కాళ్లు పరచడానికి చోటే ఉండదు.

కొట్లో పరీక్ష

కొట్టుకు మీ కెమెరానూ మీ దగ్గరున్న అతి పొడవైన లెన్సునూ వెంట తీసుకుపోవాలి. కాళ్లు పూర్తిగా సాచి, కాలమ్ దించి, ముందు కెమెరా పెట్టకుండా దిమ్మ మీద అరచేయి ఆనించి కొంచెం బరువు మోపాలి. ఏదైనా తాళం దగ్గర గొట్టం జారిందంటే అక్కడితో ఆ మోడల్ సంగతి ముగిసినట్టే. తర్వాత దిమ్మను రెండు చేతులా పట్టి నూనె డబ్బా మూత తీస్తున్నట్టుగా అటూ ఇటూ మెలిపెట్టాలి. కాళ్లు దిమ్మలో కలిసే కీళ్ల దగ్గర కదలిక ఉంటే అది ఎన్నటికీ పోదు.

ఇప్పుడు కెమెరా బిగించి లెన్సును చివరిదాకా జూమ్ చేయాలి. ఎదురుగా ఏదైనా అక్షరాలున్న డబ్బా మీద ఫోకస్ చేసి, లైవ్ వ్యూలో ఆ బొమ్మను పది రెట్లు పెద్దది చేయాలి. స్టెబిలైజేషన్ ఆపేయాలి. తెరలో అక్షరాలు నిలిచాక, ఒక కాలిని మధ్యలో చూపుడువేలితో టక్కుమని తట్టాలి. అక్షరాలు చెదిరి ఊగి మళ్లీ నిలుస్తాయి. నిలవడానికి ఒక సెకను పడితే మంచి స్టాండు. మూడు నాలుగు సెకన్లు ఊగుతూనే ఉంటే, ఏ గాలికైనా అలాగే ఊగుతుంది. రెండు మోడళ్లను పక్కపక్కన పెట్టి ఇలా తడితే, పెట్టెమీద అంకెలు చెప్పని తేడా ఐదు నిమిషాల్లో కంటికి కనిపిస్తుంది. ఆన్‌లైన్‌లో కొన్నవారు వాపసు గడువు లోపలే ఇంట్లో ఈ పరీక్ష చేసుకోవాలి.

వాడకంలో

మంచి స్టాండు కూడా సరిగా పాతకపోతే పనిచేయదు. ఒక కాలు లెన్సు చూసే దిక్కుకు పెట్టి, మిగిలిన రెండిటి మధ్య మనిషి నిలబడాలి. ఏటవాలులో రెండు కాళ్లు దిగువకు, ఒకటి ఎగువకు. రసమట్టంలో బుడగ నడిమికి వచ్చేదాకా కాళ్లనే సర్దాలి, వంకరను హెడ్‌తో కప్పిపుచ్చకూడదు. గాలి ఉంటే కాలమ్ కింది కొక్కేనికి కెమెరా సంచి తగిలించాలి. అది గాలిలో వేలాడితే తానే ఊగి స్టాండును ఊపుతుంది కాబట్టి సంచి అడుగు నేలకు ఆనేలా తాడు పొడుగు సర్దాలి.

షట్టర్ బటన్ నొక్కే వేలు కూడా కెమెరాను కదిలిస్తుంది. రెండు సెకన్ల టైమర్ పెడితే ఖర్చు లేకుండా ఆ ఇబ్బంది తీరుతుంది. పొడుగు లెన్సుకు పది సెకన్లు పెట్టడం మేలు. డీఎస్ఎల్ఆర్‌లలో అద్దం పైకి లేచే దెబ్బ సుమారు సెకనులో 30వ వంతు నుంచి ఒక సెకను దాకా ఉన్న వేగాల్లో ఫొటోను చెడగొడుతుంది. మిర్రర్ లాకప్ గానీ లైవ్ వ్యూ గానీ వాడితే సరి. కొన్ని పాత లెన్సుల్లో స్టెబిలైజేషన్ ట్రైపాడ్ మీద లేని కదలికను వెతికి తానే బొమ్మను కదిలిస్తుంది, దాన్ని ఆపేయడం మంచిది.

నేల కూడా లెక్కలోకి వస్తుంది. దుర్గం చెరువు తీగల వంతెన వంటివాటి మీద నిలబడి రాత్రి దీపాలను తీయబోతే, బరువైన వాహనం పోయిన ప్రతిసారీ వంతెన తలమే కంపిస్తుంది, ఎంత ఖరీదైన ట్రైపాడ్ అయినా దాంతోపాటే కంపిస్తుంది. ఒడ్డుకు వచ్చి పక్కనుంచి తీస్తే వంతెన కూడా ఫొటోలో పడుతుంది. విశాఖ తీరంలో అల వెనక్కి పోయేటప్పుడు కాళ్ల కింది ఇసుకను లాక్కుపోతుంది, స్టాండు ఒక పక్కకు ఒరుగుతుంది. పెట్టేటప్పుడే కాళ్లను నొక్కి నాలుగు వేళ్ల లోతు దించాలి. మామూలుగా లావు గొట్టాలను ముందు సాచడం పద్ధతి. ఇసుకలో, నీళ్లలో మాత్రం అన్నిటికంటే కింది గొట్టాన్ని ముందు సాచాలి, అప్పుడు తాళాలు తడికి పైన ఉంటాయి. ఇంటికి రాగానే మంచినీళ్లతో కడిగి, కాళ్లు సాచి నీడన ఆరబెట్టాలి. ఉప్పు మిగిలితే అల్యూమినియం తెల్లగా పొక్కులు లేస్తుంది. గొట్టాలకు నూనె రాయకూడదు. నూనెకు దుమ్ము పడుతుంది, తాళం జారుతుంది.

గోల్కొండ, రామప్ప వంటి భారత పురావస్తు సర్వే రక్షణలోని కట్టడాల్లో ట్రైపాడ్ పెట్టడానికి ముందుగా అనుమతి తీసుకోవాలి. చేతి కెమెరాకు ఉన్న వెసులుబాటు స్టాండుకు ఉండదు. వెంట చిన్న బల్లమీద పెట్టే ట్రైపాడ్ ఉన్నా అదే నియమం అనుకుని వెళ్లడం క్షేమం. విమానంలో చేతి సామానుగా ఒప్పుకుంటారా లేదా అన్నది విమాన సంస్థను బట్టి, తనిఖీ అధికారిని బట్టి ఉంటుంది. కోసుగా ఇనుప ముళ్లున్న కాళ్లయితే లగేజీలోనే వేయాలి.

పాత సరుకు

తక్కువ డబ్బుతో మంచి కాళ్లు కావాలంటే వాడినవాటిని వెతకడం అన్నిటికంటే తెలివైన దారి. ఇందులో చెడిపోయే ఎలక్ట్రానిక్స్ లేవు, పదేళ్లనాటి లావు అల్యూమినియం స్టాండు ఇవాళ్టి కొత్త సన్న స్టాండును సులువుగా మించుతుంది. ఉత్సాహంగా కొని అటక మీద పడేసినవి, స్టూడియోలు మూసేసినప్పుడు అమ్మకానికి వచ్చినవి తరచూ సగం ధరకు దొరుకుతాయి. కాళ్లన్నీ సాచి ప్రతి గొట్టాన్నీ వెలుతురుకు పెట్టి చూస్తే వంపు, సొట్ట తెలుస్తాయి. ప్రతి తాళాన్నీ బిగించి గొట్టాన్ని తిప్పి చూడాలి. తిరిగితే లోపలి ప్లాస్టిక్ పట్టీ అరిగినట్టు, పెద్ద కంపెనీదైతే అది విడిగా దొరకవచ్చు. రబ్బరు పాదాలు లేకపోవడం లోపం కాదు, కొత్తవి వేయించుకోవచ్చు. ప్లేటు లేకుండా అమ్ముతుంటే క్లాంపు ఏ రకమో కనుక్కోవాలి. ఆర్కా పద్ధతిదైతే బేరమాడి తీసుకోవచ్చు. గుర్తు తెలియని పాత మోడల్‌దైతే హెడ్‌కు విలువ కట్టకుండా కాళ్లకు మాత్రమే ధర మాట్లాడి, కొత్త బాల్ హెడ్ బిగించుకోవాలి.